బియ్యం మిల్లులో పిస్తోలు బడి

పోలీసు జీపు చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నా నడుము దానంతటదే నిటారుగా అవుతుంది. పోలీసు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు ఆ అలవాటు పోదు. కిందటి నెలలో ఒక ఉదయం అలాగే చప్పుడు విని, వొలుస్తున్న తోటకూర పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. గుణదలలో మా సందు ఇరుకు. జీపు మలుపు దగ్గరే ఆగిపోయింది. చుడీదార్ వేసుకున్న ముప్పై ఐదేళ్ల ఆవిడ చేతిసంచితో నడిచి వచ్చి, గుమ్మం ముందు చెప్పులు విడుస్తూ, "ఉస్తాద్ గారి అమ్మాయి మీరేనా అండీ?" అని అడిగారు.

ఈ వీధిలో నేను రిటైరైన తెలుగు మేడమ్‌ని. పత్రికలు చదివేవాళ్లకు కథలు రాసే మనిషిని. ఉస్తాద్ గారి అమ్మాయిగా నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ మిగల్లేదనుకున్నాను. ఆవిడ పేరు రజియా. బందరు వాళ్లమ్మాయి. డీఎస్పీ. కొత్తగా చేరిన ఎస్సైలకు పిస్తోలు వాడకం నేర్పే పనిలో ఉన్నారు. కూర్చోగానే సంచిలోంచి పాత దినపత్రికలో చుట్టిన పొట్లం తీసి బల్ల మీద విప్పారు. చెక్క పిస్తోలు. నల్ల రంగు సగం రాలిపోయింది. పిడి కింద నాన్న పేరులోని మొదటి అక్షరం మేకుతో గీసి ఉంది.

"స్టోరు రూము ఖాళీ చేయిస్తుంటే ఒక ట్రంకు పెట్టెలో ఇలాంటివి పదకొండు దొరికాయండీ. ఎవరివో ఎవరికీ తెలియదు. రిటైరైన పెద్దాయన ఒకరు చూసి, ఇవి ఉస్తాద్‌వి, వాళ్లమ్మాయి గుణదలలో లెక్చరర్ అని చెప్పారు." ఆవిడ పిస్తోలును నా వైపు జరిపి, "మేం ఇప్పుడు పెద్ద తెర మీద వీడియో వేసి నేర్పుతున్నామండీ. తలుపు తెరుచుకుంటుంది, మనిషి వస్తాడు, చేతిలో ఏదో ఉంటుంది. కాల్చాలా, ఆగాలా? రెప్పపాటులో తేల్చుకోవాలి. ఇదంతా బయటి దేశాల నుంచి ఈమధ్యే వచ్చిన పద్ధతని మాకు చెప్పారు. తీరా చూస్తే మీ నాన్నగారు ఈ ఊళ్లోనే ఎప్పుడో నేర్పారంట కదా. మరి ఎందుకు ఆగిపోయిందండీ? ఎవర్నడిగినా తెలియదంటున్నారు. మీకేమైనా తెలుసా?" అన్నారు.

"కాఫీ తాగుదురుగాని ఉండండి" అని వంటింట్లోకి వెళ్లాను. స్టౌ మీద పాలు పెట్టి, అవి పొంగిపోయి మంట ఆరిపోయేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.

నాన్న సాయుధ దళంలో హెడ్ కానిస్టేబులు. ఆయుధాల శిక్షకుడు. మా రోజుల్లో పోలీసుల్లో డ్రిల్లు నేర్పేవాళ్లనూ, తుపాకీ నేర్పేవాళ్లనూ ఉస్తాద్ అనేవాళ్లు. ఎస్సైలు ఉద్యోగంలో ఆయనకన్నా పైవాళ్లే అయినా మైదానంలో మాత్రం "ఉస్తాద్" అని నిలబడేవాళ్లు, ఆయన వాళ్లను "సార్, మోచెయ్యి దించండి సార్" అని దిద్దేవాడు. ఇంటికి వచ్చేసరికి ఆయన ఒంటి నిండా తుపాకీ నూనె వాసన, దాని మీద చెమట, దాని మీద బూటు పాలిష్. అమ్మ పెరట్లోనే ఆపి, చేతిలో సెనగపిండి పోసి, మోచేతుల దాకా రుద్దుకుంటేగాని లోపలికి రానిచ్చేది కాదు. అయినా ఆయన కలిపి పెట్టిన ముద్దపప్పు అన్నంలో ఆ వాసన సన్నగా తగిలేది. ఆవకాయ వాసనకూ తుపాకీ నూనె వాసనకూ నా జ్ఞాపకంలో ఈనాటికీ పక్కపక్కనే చోటు.

ఆయన అలవాట్లు చుట్టుపక్కల క్వార్టర్లవాళ్లకు నవ్వులాటగా ఉండేవి. ఏ తలుపూ ఎదురుగా నిలబడి తీసేవాడు కాదు, పక్కకు తప్పుకుని తీసేవాడు. ఎవరికైనా దారి చెప్పాల్సి వస్తే వేలు చూపించకుండా అరచెయ్యి మొత్తం చాపి చూపించేవాడు. నేను ఒకసారి పక్కింటి పిల్లను వేలుపెట్టి చూపిస్తే నా చెయ్యి పట్టుకుని, "వేలు ముందుకెళ్తే మనసు దాని వెనకాలే వెళ్లిద్ది. వేలు ఎప్పుడూ పక్కనుండాలి" అన్నాడు. అన్నాలు తినేటప్పుడు మా ఇంట్లో ఒక ఆట నడిచేది. "ఇందాక మన గుమ్మం ముందు నుంచి వెళ్లినాయన చేతిలో ఏముందమ్మా?" అనేవాడు. నూనె సీసా అనేదాన్ని. "రెండో చేతిలో?" చూళ్లేదనేదాన్ని. "రెండో చెయ్యి చూడకపోతే అసలు చూడనట్టే" అని పెరుగు వడ్డించుకునేవాడు. ఆ ఆట నాకు ఎంత ఒంటబట్టిందంటే, కథలు రాయడం మొదలుపెట్టాక కూడా మనుషుల మొహాలకన్నా ముందు వాళ్ల చేతులే రాసేదాన్ని.

ఈ విద్య ఆయన సొంతం కాదు. ఆయనకూ ఒక ఉస్తాద్ ఉండేవాడు. పెద్ద యుద్ధంలో బర్మా అడవుల దాకా వెళ్లివచ్చిన ముసలాయన. ఆయన పట్టాళంలో ఉన్నప్పుడు ఒక తెల్ల సార్జెంటు పిస్తోలు నేర్పాడట. ఆ సార్జెంటు అంతకుముందు షాంఘైలో పోలీసు. అక్కడ ఇరుకు సందులు, చీకటి మెట్లు, మూల తిరిగితే కత్తులు. పోట్లాటలన్నీ నాలుగు అడుగుల దూరంలో మొదలై, మనిషి ఊపిరి తీసుకునేలోపు ముగిసిపోయేవట. అప్పటిదాకా పిస్తోలు నేర్పడమంటే ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, దూరంగా ఉన్న గుండ్రటి కాగితాన్ని తీరిగ్గా కొట్టడం. సందులో చచ్చిపోతున్న పోలీసులను చూసి అక్కడివాళ్లు ఆ చదువును తిరగరాశారు. రెండు కళ్లూ తెరిచి, ఒంటిని కాస్త వంచి, చూపు ఎక్కడ పడితే చెయ్యి అక్కడికే పోయేటట్టు సాధన. ఆ తర్వాత ఒక ఇల్లే కట్టారట. గదిగదికీ బొమ్మలు, కొన్ని శత్రువులు, కొన్ని దారినపోయే మనుషులు. ఏది ఎప్పుడు లేచి నిలబడుతుందో లోపలికి వెళ్లినవాడికి తెలియదు. చైనా రేవు పట్టణం నుంచి బర్మాకూ, బర్మా నుంచి బెజవాడకూ ఆ విద్య కాగితం మీద కాకుండా ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి నడిచి వచ్చింది.

నాన్న డిపార్ట్‌మెంటు పరీక్షను తీసిపారేసేవాడు కాదు. ఏటా జరిగే పోటీలో గుండ్రటి కాగితం మధ్యలో కొట్టినవాడికి వెండి కప్పు ఇచ్చేవాళ్లు. "అది ఒక తపస్సు. చెయ్యి కుదురుద్ది, ఊపిరి కుదురుద్ది. మంచిదే. కానీ సందులో ఎదురొచ్చేవాడు గుండ్రంగా ఉండడు. నిలబడీ ఉండడు" అనేవాడు. అప్పుడున్న పెద్ద ఆఫీసరుకు ఆయనంటే గురి. కాగితం మీద ఏమీ రాయకుండా, "కానియ్యవయ్యా, ఆదివారాలు చేసుకో" అని నోటిమాటగా ఒప్పుకున్నాడు. ఏలూరు కాలవ గట్టున మూతపడ్డ బియ్యం మిల్లు ఒకటి ఉండేది. గోడలకు తవుడు పట్టేసి, పట్టపగలు కూడా లోపల మసకగా, ఊక వాసనతో ఉండేది. దాన్ని గోనె పట్టాలతో గదులుగా చేశాడు. కొండపల్లి వెళ్లి, బొమ్మలు చేసే ఒకాయన్ను బతిమాలి పొణికి కర్రతో పన్నెండు పిస్తోళ్లు చెక్కించాడు. పొణికి తేలిక కాబట్టి బరువు కోసం లోపల సీసం పోయించాడు. "పెళ్లికూతుళ్లను, దశావతారాలను చేసే చేత్తో ఇవేంటి ఉస్తాద్ గారూ?" అని ఆయన నవ్వితే, "ఇవి పేలవుగదండీ, ఇవీ బొమ్మలే" అన్నాడట.

ఇక బొమ్మ మనుషులు. గవర్నర్‌పేటలో సినిమా బ్యానర్లు వేసే ఆర్టిస్టు ఒకాయన నాన్నకు స్నేహితుడు. పాత సినిమాల ప్లైవుడ్ కటౌట్లు తెచ్చి, వాటి వెనకవైపు నిలువెత్తు మనుషులను వేసిచ్చాడు. కత్తి పట్టుకున్నవాడు, నాటు తుపాకీవాడు, గొడ్డలివాడు. వాళ్లతోపాటు చంకన నీళ్లబిందె ఎత్తుకున్న ఆవిడ, గొడుగు పట్టుకున్న ముసలాయన, పుస్తకాలు గుండెకు ఆనించుకున్న కాలేజీ పిల్ల. ఒక్కో బొమ్మకు ఒక్కో తాడు. గోడ వెనక కూర్చుని ఆ తాళ్లు లాగే పని నాది. ఇంటర్ చదువుతున్న రోజులు. చేతుల్లో తాళ్లు ఒరుసుకుని అరచేతులు ఎర్రబడేవి. మీసాలు మెలితిప్పిన ఎస్సైలు చెక్క పిస్తోలు పట్టుకుని చీకట్లోకి వంగి నడుస్తూ, బొమ్మ లేవగానే నోటితో "టప్" అని అరవాలి. నేను నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకునేదాన్ని.

కానీ ఒక నియమం ఉండేది. ఎవరైనా బిందె మనిషినో, గొడుగు ముసలాయన్నో చూసి "టప్" అంటే ఆట ఆగిపోయేది. ఆ ఎస్సై బొమ్మ దగ్గరకు వెళ్లి, టోపీ తీసి, "క్షమించమ్మా" అనో "క్షమించయ్యా" అనో అందరికీ వినపడేట్టు చెప్పాలి. తర్వాత కాలవలోంచి రెండు బిందెల నీళ్లు మోసుకొచ్చి మిల్లు ముందు చల్లాలి. మొదట్లో వాళ్లు నవ్వుతూ చెప్పేవాళ్లు. మూడో వారానికి నవ్వడం ఆగిపోయేది. ఒకాయన అయితే గొడుగు ముసలాయన ముందు నిలబడి ఆ మాట అని, కళ్లు తుడుచుకుని బిందె అందుకున్నాడు. నాన్న వాళ్లందర్నీ కూర్చోబెట్టి అనేవాడు: "ఈ విద్యలో సగం కాల్చడం. సగం ఆగడం. మొదటిది పదిరోజుల్లో వచ్చిద్ది సార్. రెండోదానికి ఉద్యోగం అంతా సరిపోదు."

నేను డిగ్రీలో చేరాక నా లోకం మారిపోయింది. అవి వేడి రోజులు. పేపర్లో ఎక్కడో అడవిలో, ఎక్కడో వాగు ఒడ్డున పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ల వార్తలు వచ్చేవి. మా కాలేజీలో చదువుకుని మధ్యలో మానేసిన ఒకతను అలాగే పోయాడని తెలిసింది. గ్రంథాలయం మెట్ల మీద ఎప్పుడూ నవ్వుతూ కనపడే మనిషి. స్నేహితురాళ్లు నా వైపు చూసే చూపులో తేడా వచ్చింది. "మీ నాన్న నేర్పేది ఇదేగా?" అని ఒకమ్మాయి మొహం మీదే అడిగింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, నాన్న చేతులు రుద్దుకుంటుంటే చూసి, నాకు అన్నం సయించలేదు. రెండు రోజులు కూర్చుని ఒక వ్యాసం రాశాను. ఊరి బయట ఒక పాత మిల్లులో ఆదివారాలు మనుషులను చంపడం నేర్పుతున్నారని. చీకటి, గోనె పట్టాలు, లేచి నిలబడే నిలువెత్తు మనుషులు, "టప్" అనే అరుపు, అన్నీ రాశాను. బిందె మనిషిని రాయలేదు. గొడుగు ముసలాయన్ను రాయలేదు. "క్షమించమ్మా" రాయలేదు. అవి రాస్తే వ్యాసంలో వేడి తగ్గిపోతుందని నాకు తెలుసు.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద చిన్న వారపత్రిక ఆఫీసు ఉండేది. దాని సంపాదకుడు పెద్దమనిషి. కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇదంతా నిజమేనా అమ్మాయ్?" అన్నారు.

"నా కళ్లతో చూశానండీ."

"అచ్చంగా చంపడమే నేర్పుతున్నారా? ఇంకేమీ లేదా?"

ఆ నిమిషం నాకు బాగా గుర్తు. కింద వీధిలో రిక్షా బెల్లులు మోగుతున్నాయి. ఫ్యాను గాలికి నా కాగితాలు ఎగురుతుంటే ఆయన ఇంకు సీసా తెచ్చి వాటి మీద పెట్టారు. నేను తాళ్లు లాగిన బొమ్మలన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. "అంతేనండీ" అన్నాను.

మారుపేరుతో అచ్చయింది. అప్పటికి పాత ఆఫీసరు బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. ఆయనకు ఈ మిల్లు వ్యవహారం గిట్టదు, కారణం కోసం చూస్తున్నాడు. పత్రిక చేతికి దొరికింది. నాన్నను పిలిపించి, "ఇవన్నీ నిన్నెవరడిగారయ్యా? కప్పు పోటీకి తయారుచెయ్యి చాలు" అన్నాడట. వారం తిరక్కుండానే నాన్నను మైదానం నుంచి తీసేసి ఆయుధాలు దాచే గదిలో వేశారు. తుపాకులకు నూనె రాయడం, రిజిస్టరులో సంతకాలు తీసుకోవడం. ఆ ఆదివారం ఆయన రిక్షాలో బొమ్మలన్నీ ఇంటికి తెచ్చి పెరట్లో వేశాడు. క్వార్టర్లో దాచే చోటు లేదు. అమ్మ వాటిని ముక్కలు కొట్టించి నీళ్లపొయ్యిలోకి వాడింది. కాలేజీ పిల్ల మొహం పొయ్యిలో రంగు పొంగి, పొక్కులెక్కి, నల్లబడడం చూస్తూ నేను తలస్నానానికి నీళ్లు తోడుకున్నాను.

ఆ పత్రిక మా ఇంటికీ వచ్చింది. నాన్న వరండాలో కూర్చుని, అమ్మ వినేట్టు, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చదవడం అయ్యాక మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "రాసినోళ్లు మిల్లులోకి వచ్చిన మనిషే. తాళ్లు ఎన్నో కూడా రాశారు" అన్నాడు. తర్వాత, "తెలుగు మాత్రం చాలా బాగుంది" అన్నాడు. అమ్మ నా వంక చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

నేను కోపం తెచ్చుకోవడం తప్పని ఈనాటికీ అనుకోను. కోపం రావలసిన రోజులే అవి. ఆ కోపాన్ని దగ్గర్లో, చెయ్యి చాస్తే అందే మనిషి మీద పెట్టాను. దూరంగా ఉన్నవాళ్లకు అది తగల్లేదు. నాన్నకు తగిలింది. ఆయనతో అది ఆగలేదు.

మూడేళ్లు గడిచాయి. నాకు బందరులో కాలేజీ ఉద్యోగం వచ్చింది. సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. పాత ఊళ్లో, కొండ వాలున ఇళ్లకు ఎక్కే మెట్ల సందుల్లో ఒక పాత దొంగ దాక్కున్నాడని తెలిసి, తెల్లవారగట్ల పోలీసులు వెళ్లారు. ముందు నడిచింది ఒక కుర్ర ఎస్సై. ఆ ఏడాది కప్పు గెలిచినవాడు. ఒక ఇంటి తలుపు తెరుచుకుని ఒకతను చేతిలో నల్లటిదేదో పట్టుకుని గబుక్కున బయటికొచ్చాడు. ఎస్సై కాల్చాడు. గురి తప్పలేదు. ఆ మనిషి నాంచారయ్య, తాపీమేస్త్రి. పనికి బయల్దేరబోతే సైకిలు టైరులో గాలి లేదు. చేతిలో ఉన్నది సైకిల్ పంపు.

మర్నాడు పేపరు చదివి నాన్న లేచాడు. పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఉంది, అమ్మ పిలుస్తున్నా పలకలేదు. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని, "నువ్వు కూడా రా అమ్మా" అన్నాడు నాతో. ఎందుకని అడగలేదు, వెళ్లాను. ఆ మెట్లు చాలా నిటారుగా ఉన్నాయి. ఆయన సగంలో ఒకసారి ఆగి గోడ పట్టుకున్నాడు. ఇంటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు, మధ్యలో నాంచారయ్య భార్య. నా ఈడు మనిషి, ఒళ్లో నెలల పిల్ల. నాన్న ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తాను పోలీసునని చెప్పాడు. ఆడవాళ్లు గొణుక్కున్నారు గానీ ఆమె తలెత్తి చూసి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టు, "పంపు కనపడలేదా అయ్యా ఆయనకి?" అంది.

"కనపడేట్టు నేర్పేవాణ్ణమ్మా. ఆపేశాను" అన్నాడు నాన్న.

ఆపేశాను అన్నాడు. ఆపేశారు అనలేదు. నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ ఒక్క అక్షరాన్ని సరిచెయ్యగలిగింది ఆ వాకిట్లో నేనొక్కదాన్నే. పసిపిల్ల ఏడుస్తుంటే అందరం దాని వైపు చూశాం. కాసేపటికి లేచి మెట్లు దిగి వచ్చేశాం. దారిలో నాన్న ఒక్క మాటే అన్నాడు: "ఆ కుర్రాడు నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశాడమ్మా. పాపం." ఆ ఎస్సై మీద విచారణ జరిగిందని, ఆ తర్వాత ఉద్యోగం మానేసి గుడివాడ వైపు చేపల చెరువుల మీద పనిచేస్తున్నాడని కొన్నాళ్లకు విన్నాను.

నాన్న ఇంకా ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. రిటైరయ్యాక ఉదయాలు పేపరు, సాయంత్రాలు కాలవ గట్టు. నేను రాసినవన్నీ చదివేవాడు. మూడుసార్లు చెప్పబోయాను. ఒకసారి నా మొదటి పుస్తకం ఆయన చేతిలో పెట్టినప్పుడు. ఒకసారి అమ్మ పోయినప్పుడు. ఆఖరిసారి ఆస్పత్రిలో. "నాన్నా, అప్పుడు మిల్లు గురించి పత్రికలో..." అన్నాను. ఆయన కళ్లు తెరవకుండానే, "కిటికీ వెయ్యమ్మా, ఎండ మొహాన కొడుతోంది" అన్నాడు. కిటికీ వేసి వచ్చి కూర్చున్నాను. మళ్లీ మొదలుపెట్టలేదు.

స్టౌ తుడిచి, మళ్లీ పాలు పెట్టి, కాఫీ కలుపుకుని వచ్చి రజియాకు ఇదంతా చెప్పాను. కాఫీ చల్లారిపోయింది. చివరకు, "ఇది మా పిల్లలకు చెబుతారా అండీ? నేను చెబితే పాఠం అవుతుంది. మీరు చెబితే వింటారు" అన్నారు.

ఆ వారమే జీపు పంపి తీసుకెళ్లారు. హాలు చల్లగా, శుభ్రంగా, ఏ వాసనా లేకుండా ఉంది. గోడంత తెర. గుడివాడ వైపు అమ్మాయట, సన్నగా ఉంది, నల్లటి నకిలీ పిస్తోలుతో నిలబడింది. తెర మీద గది తలుపు తెరుచుకుంది. ఒక కుర్రాడు జేబులోంచి చెయ్యి తీశాడు. అమ్మాయి కాల్చింది. బొమ్మ ఆగిపోయింది. కుర్రాడి చేతిలో సెల్‌ఫోను. యంత్రం ఒక కాగితాన్ని బయటికి తోసింది: ఎంత సమయం, ఎక్కడ తగిలింది, తప్పు. అమ్మాయి కాగితం చదువుకుని సంతకం చేసి పక్కకు వెళ్లింది, ఇంకొకరు వచ్చారు. నాన్న చూస్తే సంతోషించేవాడు. అన్ని గదులు, అన్ని సందులు, అన్ని చేతులు ఆయన ఆ మిల్లులో చూపించలేకపోయాడు. మరోపక్క, ఆ సెల్‌ఫోను కుర్రాడికి ఎవరూ ఏమీ చెప్పకుండానే తెర మారిపోయినందుకు నాకు ఏదోలా ఉంది. రజియాతో ఆ మాట అంటే, "రాసుకుంటానండీ" అని నిజంగానే రాసుకున్నారు.

తర్వాత నలభై మంది ముందు కుర్చీ వేశారు. షాంఘై నుంచి సైకిల్ పంపు దాకా చెప్పాను. పత్రికలో రాసింది నేనేనని మొదటిసారి పదిమందిలో పైకి అన్నాను. అయిపోయాక ప్రశ్నలడగమన్నారు. ఆ గుడివాడ అమ్మాయి లేచింది.

"మేడమ్, మీరు చెప్పినంతసేపూ ఆవిణ్ణి నాంచారయ్య భార్య అనే అన్నారండీ. ఆవిడ పేరేంటండీ?"

తెలియదు. నలభై ఏళ్లకు పైగా ఈ కథను లోపల లోపల ఎన్నిసార్లు తిరగేసుకున్నానో, నాన్నకు చెప్పలేదే అని ఎన్నిసార్లు కుమిలిపోయానో, ఒక్కసారి కూడా ఆమె పేరు నాకు అవసరం పడలేదు. ఆమెకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు ఉదయం ఆటోలో పాత ఊరు వెళ్లి ఆ మెట్లు ఎక్కాను. మూడుచోట్ల కూర్చోవలసి వచ్చింది. పెంకుటిళ్లు పోయి డాబాలు వచ్చాయి. తాపీమేస్త్రి నాంచారయ్య ఇల్లని అడిగితే కుర్రవాళ్లకు తెలియలేదు. ఒక ముసలాయన చూపించాడు. ఆమె ఉంది. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని చేటలో పెసలు ఏరుతోంది. చూపు తగ్గినట్టుంది, వేళ్లతో తడిమి రాళ్లు తీస్తోంది. పక్కన కూర్చుని ముందు పేరు అడిగాను. సీతారావమ్మ. తర్వాత నేనెవరో, ఏం రాశానో, ఏం రాయలేదో, ఆ రోజు ఆ వాకిట్లో ఎందుకు నోరు విప్పలేదో అంతా చెప్పాను. ఆమె పెసలు ఏరడం ఆపలేదు. నాకు కావలసిన క్షమాపణ ఏదో ఆమె మొహంలో వెతికాను. అక్కడ అలాంటిదేమీ కనపడలేదు.

"పంచె కట్టుకునే పెద్దాయన మీ నాన్నగారా అమ్మా?" అంది ఒక రాయి తీసి పారేస్తూ. "బతికున్నన్నాళ్లూ ఏడాదికోసారి వచ్చేవోరు. ఆ తారీకుకి. ఓ గంట కూకుని ఎల్లిపోయేవోరు. పెద్దగా ఏం మాట్టాడేవోరు కాదు."

నాకు తెలియదన్నాను.

"మా అమ్మాయి రాసిద్దమ్మా అనేవోరు. ఎప్పటికైనా మొత్తం రాసిద్ది, నీ మొగుడి సంగతి కూడా రాసిద్ది అని వచ్చినప్పుడల్లా అనేవోరు." ఆమె చేట పక్కన పెట్టి, నా గొంతు వినిపించిన వైపు మొహం తిప్పింది. "రాశారా అమ్మా?"

"ఇంకా లేదండీ" అన్నాను.